ఊదుడు వరస

4003వ రోజు

ఈ పుస్తకంలో మొక్కల అర సంగతులు మాత్రమే రాయాలని మొదటి పేజీలో అచ్చు వేసి ఉంది. సరే, రాస్తున్నాను. పాలకూర నాలుగు మళ్లు కోశాం. టమాటా మూడో వరసకు తెల్లదోమ పట్టింది. అద్దం తుడిచాం. ఇక నా సంగతులు. అవి రాయకూడదని విడిగా ఎక్కడా లేదు. ఎవరూ ఈ పుస్తకం తెరిచి చూసిందీ లేదు.

నా పేరు మస్తానమ్మ. నలభై ఆరేళ్లు. బయట దుమ్ము లేచినప్పుడు ఈ పాత కాకిబంగారం గనిలోకి, అదే అభ్రకం గనిలోకి, దిగి మూత వేసుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. మూత పడి నేటికి నాలుగు వేల మూడు రోజులు. పై వరసలో నూట డెబ్బై ఆరు మందిమి ఉన్నాం, కింద వరసలో ముప్పై ఏడు మంది. గని మొత్తానికి ఒకే ఒక్క కిటికీ అద్దం ఉంది. అది మా మొక్కల అర గోడకు, మంచమంత వెడల్పున ఉంటుంది. దాంట్లోంచి ఒక తుప్పుపట్టిన చేతిపంపు, దాని మొదట్లో ఒక జిల్లేడు చెట్టు కనిపిస్తాయి. ఊళ్లో అన్నీ చచ్చినా ఆ జిల్లేడు చావలేదు. నేను పొద్దున లేచేది దాన్ని చూడడానికే.

ఆరింటికి గంట కొడతారు. అందరం హాల్లో వరస కట్టి ఊదుడు గొట్టంలో ఊదుతాం. గుండెల నిండా పీల్చి ఒక్క దమ్ములో ఎంత బలంగా ఊదితే ముల్లు అంత పైకి పోతుంది. నా పూర్తి లెక్క నాలుగు వందలు అని కార్డు మీద ఉంది. మూడు వందల ఇరవై దాటితే ఆకుపచ్చ. తగ్గితే పసుపు. పసుపు కార్డు పడినవాళ్లు ఆదివారం కింద వరసకు దిగాలి. అక్కడ అద్దం లేదు. అక్కడి నుంచి పైకి ఎక్కినవాళ్లూ లేరు.

ఆ అంకెలే గాలి మిషనుకు కూడా పోతాయి. మొదట్లో దుమ్ము కొలిచే మీటర్లు ఉండేవి. రెండేళ్లకే పాడైపోయాయి, బాగుచేసే సామాను బయటి నుంచి రాదు. అప్పటి పెద్దలు కూర్చుని, మీటర్లు పోతే పోయాయి, మన ఊపిరితిత్తులు ఉన్నాయి కదా అనుకున్నారు. వరసలో నలుగురికి ఒకరు పసుపైతే ఫ్యాను ఒక మెట్టు ఎక్కుతుంది. సగం మంది పసుపైతే రెండు మెట్లు ఎక్కుతుంది. ఎవరూ వేలు పెట్టకుండా మీటకు సీలు వేశారు. ఆరేళ్లుగా ఫ్యాను రెండో మెట్టు మీదే ఉంది. మిగిలిన కరెంటుతో దీపాలు, వారానికోసారి వేడినీళ్లు. మన గాలి ఎంత మంచిదో అని అందరూ మురిసిపోతుంటారు.

నాకు ఉబ్బసం ఉంది. పెద్దది కాదు, కార్డు మీద 'స్వల్పం' అని రాశారు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చుకోమని ఒక నీలం గొట్టం ఇచ్చారు. నేను వచ్చినప్పుడూ పీలుస్తాను, రాకముందూ పీలుస్తాను. గంట కొట్టడానికి పావుగంట ముందు పాలకూర మళ్ల వెనక కూర్చుని రెండు బుస్సులు కొట్టుకుంటే ముల్లు మూడు వందల తొంభైకి పోతుంది. లేకపోతే ఎంతకు పోతుందో చూసి ఏళ్లయింది. ఇంత మందిలో ఇంత సిగ్గుమాలిన పని చేసేది నేనొక్కదాన్నే అని తెలుసు. అయినా మానను.

4009వ రోజు

టమాటాలకు వేపనూనె కొట్టాం. ఆ వాసనకు నాకు ఆయాసం వచ్చింది, ఆదెయ్య మామకూ వచ్చింది. మామ నాతో పాటు ఈ అరలో పనిచేసే మనిషి, అరవై దాటాయి. చుట్టం కాదు, పిలుపు మామ. ఆయన కార్డు మీద కూడా 'స్వల్పం' అనే ఉంది.

"అమ్మే, నీ నీలం ఇటు ఇయ్యి. నాది గదిలో మర్చిపోయినా" అన్నాడు.

"నిన్న కూడా మర్చిపోయినావు. నీ తలకాయ మర్చిపోకుండా ఎట్ట తెచ్చుకుంటా ఉండావో" అంటూనే ఇచ్చాను.

సాయంత్రం నర్సు ఏస్తేరమ్మ దగ్గరికి వెళ్లాను. వారంలో నాలుగు రోజులు ఆయాసం వస్తోంది, ఇంకేమైనా మందు ఉందా అని అడిగాను. ఆమె బల్ల మీద మూడు గొట్టాలు పెట్టింది.

"చూడు మస్తానమ్మా, నీ మాదిరి స్వల్పం కేసులకి మూడు దారులు ఉండాయి. ఒకటి నువ్వు వాడే నీలం. బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని వదులు చేస్తది, నిమిషాల్లో పని చేస్తది. కానీ లోపల వాపు ఉంటది చూడు, దాన్ని ముట్టుకోదు. వానలకి తలుపు నాని బిగుసుకుంటది గదా? నీలం అంటే భుజం పెట్టి తోసి తెరవడం. చెక్క నానింది నానినట్టే ఉంటది. ఊరికే తోస్తా పోతే ఒకనాడు తెరుచుకోదు."

"రెండోది?"

"ఈ గోధుమరంగుది. వాపు మందు. బాగున్నా బాగలేకపోయినా పొద్దునా సాయంత్రం పీల్చాల. పీల్చినాక నోరు పుక్కిలించి ఉమ్మాల, లేకుంటే నాలిక మీద తెల్లపూత వస్తది. కొన్ని వారాలకి గానీ తేడా బాగా తెలీదు. చెక్క మెల్లగా ఆరాల గదా. మూడోది ఈ ఎర్ర మూతది, రెండు మందులూ కలిసినది. రోజూ అక్కర్లా. ఆయాసం వచ్చినప్పుడు నీలం బదులు ఇదే పీల్చుకోవచ్చు. తోసేదీ ఇదే, ఆరబెట్టేదీ ఇదే. నన్నడిగితే నీలాంటోళ్లకి ఇది బో మంచిది. మాత్రలు కూడా ఒక రకం ఉండాయి గానీ, వాటితో కొందరికి పీడకలలు, దిగులు వస్తాయి. మనకి దిగులు కొత్తగా తెచ్చుకోను అక్కర్లేదు గదా."

"అయితే ఎర్రది ఇయ్యి."

ఆమె ఇవ్వలేదు. రూల్సు పుస్తకం తిప్పి నా ముందు పెట్టింది. వాపు మందు ఒక్కసారి రాసినా ఆ మనిషి రోగి కింద లెక్క. పసుపు కార్డు, కింద వరస. మళ్లీ పైకి రావాలంటే ఏడాది పొడుగునా మందు లేకుండా ఆకుపచ్చ ఊదాలి.

"మందు పీలిస్తే బాగుంటాను, కానీ ఆ బాగు చెల్లదు. పీల్చకపోతే బాగుండను. మరి నీలం మందు కాదా?" అన్నాను.

"అది మందు కాదంట. అవసరమంట" అంది ఏస్తేరమ్మ, పుస్తకం మూస్తూ.

ఈ రూలు రాసినవాడికి అసలు ఊపిరితిత్తులు ఉండేవా అని నా అనుమానం. ఆలోచించి చెబుతానని లేచి వచ్చేశాను. ఆలోచించడానికి ఏముంది? నాకు అద్దం కావాలి. ఇవాళ జిల్లేడుకు ఒకే ఒక్క పూగుత్తి ఉంది.

4011వ రోజు

ఆదివారం. కింద వరసకు ఎవరూ దిగలేదు. ఎప్పటిలాగే చప్పట్లు కొట్టుకున్నారు.

మొక్కల అర మూలలో పాత నీళ్ల పైపు ఒకటి కింద వరస దాకా పోతుంది. సాయంత్రం దానికి నోరు పెట్టి మాట్లాడితే అక్కడ మా అక్క పెంచలమ్మకు వినిపిస్తుంది. అక్క కిందికి దిగి ఆరేళ్లు. ఆమెకూ ఉబ్బసమే. ఆ రోజు ఊదడానికి ముందు నా నీలం ఆమె చేతిలో పెట్టాను. వద్దంది. ఉన్నది ఉన్నట్టు ఊది, రెండు వందల తొంభై వస్తే, అవును ఆయాసంగానే ఉంది అని అందరి ముందూ చెప్పింది. ఒక్క రెండు బుస్సులు కొట్టుకుని ఉంటే ఈపాటికి నా పక్కన ఉండేది. దానికి నేను ఇప్పటికీ ఆమెను క్షమించలేదు.

"ఏందిమే, మాట మాటకీ పిల్లికూతలు వినపడతా ఉండాయి?" అంది అక్క.

"పైపులో గాలి."

"ఆరేళ్లుగా ఇదే పైపు. నాకు తెలీదా పైపు కూత ఏదో, నీ కూత ఏదో. నేను నిన్న నాలుగు వందల ముప్పై ఊదినా. మందుతోనే అనుకో. ఇక్కడ అందరం అంతే. ఒక్కరికీ దగ్గు లేదు. మూడు మంచాలు ఖాళీ ఉండాయి, వచ్చేయరాదూ?"

"వచ్చి ఏం చూసేది? నీ పుట్టగొడుగులా?"

అక్క రోజూ అడిగేదే అడిగింది. "జిల్లేడుకి ఎన్ని పూగుత్తులు?"

"మూడు" అన్నాను. ఒకటే ఉంది. కింద రాతి కప్పు చూస్తూ పడుకునే మనిషికి ఒకటి అని చెప్పడానికి నాకు మనసు రాదు.

4016వ రోజు

ఇవాళ జరిగింది రాస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

మళ్లకు మందు కొట్టామని మా అరకు ఏడింటి దాకా తాళం వేశారు. నేను బుస్సు కొట్టుకునే చోటు పోయింది. గంట కొట్టడానికి పావుగంట ఉంది. నీలం కొంగులో దాచుకుని ఆడవాళ్ల స్నానాల గదులకు పరిగెత్తాను. పన్నెండు తలుపులూ మూసి ఉన్నాయి. నీళ్ల చప్పుడు మాత్రం లేదు. తలుపు తీస్తారని గోడకు ఆనుకుని నిలబడ్డాను.

మొదటి తలుపు వెనక బుస్సుమంది. తర్వాత ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం. నాలుగో తలుపు వెనక బుస్సు, మళ్లీ బుస్సు. ఏడో దాంట్లో. పదో దాంట్లో. ఒకరి చప్పుడు ఒకరికి వినపడకుండా దగ్గుతూ, కుళాయి ఒక చుక్క వదులుతూ, పన్నెండు తలుపుల వెనకా అదే పని. తలుపులు తెరుచుకున్నాయి. ఒక్కొక్కరే ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చి, నన్ను చూసి, గుడిలోంచి వస్తున్నంత పవిత్రమైన చూపుతో హాలు వైపు వెళ్లిపోయారు. వాళ్లలో ఆరుగురి కార్డు మీద 'స్వల్పం' అని కూడా లేదు. ఆ నీలాలు ఎవరెవరి దగ్గర నుంచి సంపాదించారో.

నేను కూడా లోపలికి వెళ్లి రెండు కొట్టుకుని వరసలో నిలబడ్డాను. మూడు వందల ఎనభై. అందరికీ ఆకుపచ్చే. ఫ్యాను రెండో మెట్టు మీద మెల్లగా తిరుగుతూనే ఉంది.

అప్పుడు వెలిగింది నాకు. మీటర్లు మేమే. ఆ మీటర్లను ఆరేళ్లుగా మేమే తిప్పుకుంటున్నాం. గాలి బాగుందని మిషనుకు రోజూ పొద్దున్నే మేమే చెబుతున్నాం. మిషను మంచిది, నమ్ముతోంది. దుమ్ము పెరిగిన కొద్దీ మేము ఇంకో బుస్సు ఎక్కువ కొట్టుకుంటున్నాం.

4017వ రోజు

గాలి మిషను చూసుకునే సూపర్నెంటు వెంగయ్యగారి దగ్గరికి వెళ్లాను. పేర్లు చెప్పకుండా, చాలామంది నీలం పీల్చి ఊదుతున్నారు, మీరే ఫ్యాను ఒక మెట్టు ఎక్కించండి అన్నాను.

"మీటకి సీలుంది గదమ్మా. నా తాతలు దిగొచ్చినా తిరగదు. వరస చెబితేనే మిషను కదులుద్ది" అన్నాడు.

"అయితే అందర్నీ పీల్చకుండా ఊదమని చెప్పండి."

"చెప్పినా అనుకో. ఊదినోళ్లు పసుపవుతారు. పసుపైనోళ్లు దిగాల. ముందు ఎవరు ఊదుతారు? నువ్వు ఊదుతావా?"

లేచి వచ్చేశాను. వస్తూ ఆయన చొక్కా జేబు ఉబ్బెత్తుగా, నిలువుగా ఉండడం గమనించాను. అది పెన్ను అయి ఉండదు.

4020వ రోజు

మొక్కల సంగతులు ఇవాళ లేవు. నీళ్లు కూడా పెట్టలేదు.

మామ పొద్దున నాలుగు వందలు ఊదాడు, ఆకుపచ్చ. పదింటికి టమాటా వరసల మధ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయి ఉన్నాడు. నిన్న నా నీలం రెండుసార్లు ఇచ్చాను. ఇవాళ మూడుసార్లు ఇచ్చాను. నాలుగోసారి ఇవ్వబోతే చేత్తో తోసేశాడు.

"ఏం మామా, ఎట్ట ఉంది?"

"నన్ను... కూర్చోనీ... అమ్మే" అన్నాడు. మూడు మాటలకు మూడు ఊపిర్లు. ఆ నోరు రోజంతా ఆగకుండా వాగే నోరు. మెడ నరాలు లేచి, పెదాలు నీలంగా మారాయి.

ఏస్తేరమ్మ వచ్చి ముఖానికి మాస్కు పెట్టి ఆవిరి మందు, ఆక్సిజను పెట్టింది, మాత్రలు మింగించింది. హాలు పక్కనే వైద్యం గదిలో పడుకోబెట్టారు. పొద్దున్నుంచి నీలం ఎన్నిసార్లు పీల్చాడని అడిగింది. చెప్పాను. నేను ఇచ్చినవి మూడని, ముందే ఆయన ఎన్ని కొట్టుకున్నాడో తెలియదని చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మొదటి రోజే చెయ్యి పట్టుకుని ఆమె దగ్గరికి లాక్కుపోవలసినదాన్ని, నీలం చేతిలో పెట్టి జోకులు వేశాను.

"స్వల్పం అని కార్డు మీద రాసినంత మాత్రాన ఊపిరికి తెలుస్తదా?" అంది ఏస్తేరమ్మ మెల్లగా. "నేను మందు పోస్తానే ఉండా, ఈ గాల్లో దుమ్ము లోపలికి పోతానే ఉంది. దుమ్ము లేని కింద వరసకి దించుదామంటే తొంభై మెట్ల నిచ్చెన. ఆక్సిజను ఆదివారం దాకా వస్తది. ఈలోగా ఫ్యాను ఎక్కితే బతుకుతాడు. ఎక్కకపోతే నేను ఏమీ చెప్పలేను."

కింద మూడు మంచాలు ఖాళీ ఉన్నాయి. ముందు ఊదిన ముగ్గురికీ అవి సిద్ధంగా ఉంటాయి. ఆ ముగ్గురిలో మొదటిదాన్ని నేనే అవుతాను. జిల్లేడును చీకటి పడేదాకా చూశాను. నాకు భయంగా ఉంది. ఇంకేం రాయను.

4021వ రోజు

పీల్చలేదు. వరసలో నా వంతు వచ్చినప్పుడు నీలం గొట్టం కొంగులోంచి తీసి బల్ల మీద, అందరికీ కనపడేలా పెట్టాను. ఊదాను. రెండు వందల డెబ్బై.

వెంగయ్య పెన్ను పక్కన పెట్టాడు. "ఇంకోసారి ఊదమ్మా. సరిగ్గా పడలేదేమో" అన్నాడు.

"సరిగ్గానే పడింది. ఆరేళ్ల తర్వాత ఇవాళే సరిగ్గా పడింది" అని వెనక్కి తిరిగాను. నాకు ప్రసంగాలు చేతకావు. నోటికి వచ్చింది అన్నాను. "స్నానాల గదుల్లో ఎన్ని బుస్సులు విన్నానో చెప్పమంటారా? చెప్పను. నేనూ ఆ గుంపులోదాన్నే. ఆ గదిలో ఆదెయ్య మామ ఊపిరి తీస్తా ఉండాడు, మీ అందరికీ వినపడతానే ఉంది. ఫ్యాను ఎక్కాలంటే నలభై నాలుగు పసుపులు కావాల. ఒకటి నేను ఇచ్చినా."

గోడ అవతల నుంచి మామ పిల్లికూత ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఎవరూ తల ఎత్తలేదు. నా తర్వాతివాడు గబగబా ఊదాడు. నాలుగు వందల పది. ఆ తర్వాతావిడ కూడా ఆకుపచ్చే. చివరి మనిషి దాకా ఆకుపచ్చే.

సాయంత్రం అక్కకు చెప్పాను. పైపులో ఏడుపు వినిపించింది. సంతోషానికో దుఃఖానికో నేను అడగలేదు.

4022వ రోజు

ఆరుగురం. వంటశాలలో పనిచేసే అన్నదమ్ములు ఇద్దరూ నీలాలు తెచ్చి బల్ల మీద నా దాని పక్కన పెట్టారు. మామకు రోజూ గంజి తీసుకెళ్లేది వాళ్లే. వాళ్ల తర్వాత ఇంకో ముగ్గురు. ఫ్యాను మెట్టు కదల్లేదు.

4023వ రోజు

ముప్పై ఒక్క మంది. బల్ల మీద చోటు చాలక గంప తెచ్చారు. పదమూడు తక్కువయ్యాయి. మామ ఇవాళ గంజి తాగలేదు. ఏస్తేరమ్మ నిన్నటి నుంచి కూర్చున్న చోటు నుంచి లేవలేదు. నాకు మనుషుల మీద కోపంగా ఉంది, వాళ్లను ఏమీ అనే హక్కు లేదని ఇంకా కోపంగా ఉంది.

4024వ రోజు

వరస మొదట్లో వెంగయ్య నిలబడ్డాడు. ఎప్పుడూ చివర ఊదే మనిషి. జేబులోంచి నీలం తీసి గంపలో వేసి, ఊది, అంకె చూసుకుని, తన పేరు తానే పసుపు పేజీలో రాసుకున్నాడు.

ఆ తర్వాత గంపలో నీలాలు ఒకటొకటిగా పడుతున్న చప్పుడే. నలభై నాలుగు దాటింది. అరవై దాటింది. చివరికి తొంభై ఏడు.

మొదట కింద నేల సన్నగా అదిరింది. తర్వాత కప్పులోంచి హోరుమని చప్పుడు. పిల్లలు హడలిపోయి తల్లుల్ని పట్టుకున్నారు. ఆరేళ్లలోపు పిల్లలు ఆ చప్పుడు ఎప్పుడూ వినలేదు మరి. ఫ్యాను రెండు మెట్లు ఎక్కి నాలుగో మెట్టు మీద తిరుగుతోంది. జాలీల దగ్గర ఏళ్లుగా పేరుకున్న బూజు ఊగింది. హాల్లో దీపాలు సగం ఆరిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు. చాలామంది ఏడుస్తున్నారు, నేనూ ఏడ్చాను.

4025వ రోజు

పొద్దున మామ మాస్కు పక్కకు జరిపి, "ఏందిమే ఆ సప్పుడు? తుపానా?" అన్నాడు. ఒకే ఊపిరిలో అన్నాడు.

"ఫ్యాను మామా."

"ఇన్నాళ్లూ ఏం జేసింది, నిద్రపోయిందా?" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. ఏస్తేరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, గండం గడిచినట్టే అంది.

ఆదివారం కదా, పదింటికి కింద వరసకు దిగే మూత తెరిచారు. వెంగయ్య తొంభై ఏడు పసుపు కార్డులు ముందు పెట్టుకుని, మూడు మంచాల్లో వీళ్లందర్నీ ఎక్కడ పెట్టాలి అని తల పట్టుకున్నాడు. ఏస్తేరమ్మ రూల్సు పుస్తకం చివరి పేజీలు తిప్పింది. కింద మంచాలు నిండితే మిగిలిన రోగులకు పై వరసలోనే, వాళ్ల గదుల్లోనే మందు ఇవ్వాలి అని ఉంది. ఇన్నేళ్లలో ఆ పేజీ దాకా ఎవరూ వెళ్లలేదు. తొంభై నలుగురికి ఎర్ర మూత గొట్టాలు, గోధుమరంగువి పంచుతారట. వాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. దిగేది మొదటి మూడు కార్డులవాళ్లే.

వెంగయ్య నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "నీ కార్డు అడుగున పెట్టేస్తా. ఒకళ్లకీ తెలీదు. నువ్వు చేసిన పనికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్ట?"

ఆ క్షణంలో నాకు ఎంత ఆశ పుట్టిందో రాయడానికి సిగ్గుగా ఉంది. జిల్లేడు కళ్ల ముందుకు వచ్చింది. మూడు రోజులు ఆగి ఊది ఉంటే పైనే ఉండేదాన్ని కదా అనిపించింది, మూడు రోజులు ఆగి ఉంటే మామ ఏమయ్యేవాడో తెలిసి కూడా. కానీ నా కార్డు అడుక్కి పోతే నాలుగో కార్డు పైకి వస్తుంది. ఆ మనిషి నా వెనకే నిలబడి ఉంది, కార్డుల వైపే చూస్తోంది.

"వద్దు సార్. దొంగ అంకెలతో ఆరేళ్లు గడిపినాం, చాలు" అన్నాను.

మొక్కల అరకు వెళ్లి అద్దం తుడిచాను. జిల్లేడుకు రెండు పూగుత్తులు ఉన్నాయి. లెక్కపెట్టుకుని, దిగాను. తొంభై మెట్లలో నాలుగుసార్లు ఆగాను.

4026వ రోజు

ఈ పుస్తకం మొక్కల అరలోనే ఉండాలని రూలు. పట్టుకొచ్చేశాను. ఏం చేస్తారు, కిందికి పంపిస్తారా?

ఇక్కడ కప్పు చేతికి అందుతుంది. పగలూ రాత్రీ ఒకే రంగు దీపం. పుట్టగొడుగుల వాసన. అక్క జుట్టు పూర్తిగా నెరిసింది, నాకు ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి, "లావెక్కినావే" అంది, గట్టిగా పట్టుకుంది. పొద్దున గోధుమరంగు గొట్టం పీల్చి, నోరు పుక్కిలించి ఉమ్మాను. ఊదితే రెండు వందల ఎనభై. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తల దించుకోలేదు. రాసుకున్నారు, అంతే.

పైకి పోయే మూత ఇక్కడి నుంచి చూస్తే ఇనప పళ్లెం అంత ఉంది. దాని వైపు చూడకూడదని అక్క మొదటి రోజే చెప్పింది. చూస్తూనే ఉన్నాను.

4081వ రోజు

ఎనిమిది వారాలు. ఇవాళ నాలుగు వందల పది ఊదాను. నా జీవితంలో ఎప్పుడూ అంత ఊదలేదు. చాలా వారాలుగా ఆయాసం లేదు. ఇప్పుడైతే నిచ్చెన మొత్తం ఆగకుండా ఎక్కగలను. ఎక్కనివ్వరు. మందుతో వచ్చిన ఆకుపచ్చను కూడా ఆకుపచ్చగా లెక్క కట్టాలని పైన వెంగయ్య వాదిస్తున్నాడట. రూలు రాసిన పెద్దలు ఒక్కరూ బతికి లేరు, మార్చే అధికారం ఎవరికుందో పుస్తకంలో లేదు. ఏళ్లు పట్టవచ్చు. కొన్ని రోజులు ఈ గోడల్ని చూస్తే నాకు అరవాలనిపిస్తుంది. ఊపిరి మాత్రం కావలసినంత ఉంది, అరవడానికి.

మొక్కల అర ఇప్పుడు ఆదెయ్య మామది. ఎర్ర మూత గొట్టం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడట. సాయంత్రం అవగానే పైపులోకి వస్తాడు.

"ఎన్ని పూగుత్తులు మామా?" అని అడిగాను.

"పదకొండు అమ్మే! పదకొండు పూగుత్తులు, దాని చుట్టూ తేనెటీగలు, చేతిపంపు మింద ఒక పిట్ట కూడా కూర్చోని ఉంది, నన్ను చూసి పోనే పోలా, ఇదంతా నువ్వు చూడాల్సింది గదా!"

నిన్న నాలుగు అన్నాడు. జిల్లేడు ఒక్క రోజులో నాలుగు నుంచి పదకొండుకు పోదు. మేము ఆ అద్దంలోంచి ఏళ్ల తరబడి పిట్టను చూడలేదు.

అక్క నా పక్కన కూర్చుని నవ్వుతోంది. "నువ్వూ అట్నే చెప్పేదానివి. ఆరేళ్లు."

"నీకు తెలుసా?"

"తెలీకేం. నేనేమన్నా పూల కోసం విన్నానా? నీ ఊపిరి ఎట్ట ఆడతా ఉందో వినేదాన్ని."

నేను పైపుకు చెవి ఆనించాను. ఇంతసేపూ నేనూ వింటున్నది అదేనని అప్పుడు తెలిసింది. పదకొండు పూగుత్తులు, తేనెటీగలు, చేతిపంపు, పిట్ట, అంత పొడుగు అబద్ధాన్ని మామ ఒక్క దమ్ములో చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, ఎక్కడా కూత లేదు.

"ఇంకోసారి చెప్పు మామా" అన్నాను.